సుంకం గోడ చాటున మా వైన్

వైన్ కంపెనీలో ఉద్యోగమంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తాగుతూ కూర్చోవడమే అనుకుని ఈ రంగంలోకి రావాలని చూస్తున్న కుర్రకారు ఎవరైనా ఉంటే, ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు. మేం తాగం. నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేస్తాం. ఉద్యోగం దొరికిన కొత్తలో నా భార్య సరోజ తన చెల్లెలికి ఫోన్‌లో ఈ మాటే చెప్పింది. "మా ఆయనకు ఉమ్మే కొలువు దొరికిందే. జీతం మంచిగనే ఇస్తరట."

పైగా మా కాపురం సూరత్‌లో, అడాజన్‌లోని ఒక ఫ్లాట్‌లో. గుజరాత్‌లో మద్యనిషేధం కాబట్టి నేను చేసిన సరుకులో ఒక్క సీసా కూడా నా ఇంటి గడప తొక్కలేదు. సోమవారం పొద్దున్నే సాపుతారా ఘాట్ దాటి మహారాష్ట్రలో ఉన్న వైనరీకి పోవడం, శనివారం సాయంత్రానికి తిరిగి రావడం, ఇదీ నా జీవితం. హౌసింగ్ సొసైటీలో ఎవరైనా అడిగితే "ద్రాక్షపండ్ల కంపెనీ" అనేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. మా సొసైటీ సెక్రటరీ జయేశ్‌భాయ్ నాది కిస్‌మిస్ వ్యాపారమని గట్టిగా నమ్మాడు. ప్రతి దీపావళికీ "నర్సూభాయ్, హోల్‌సేల్ రేటుకు రెండు కిలోలు" అని వచ్చేవాడు. నేను బజార్లో మామూలు ధరకు కొని, అతనికి తగ్గించి ఇచ్చేవాణ్ణి. నా రహస్యానికి ఏటా నేను కట్టుకున్న పన్ను అది.

పన్ను అన్నాను కాబట్టి అసలు సంగతిలోకి వస్తాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు కాలేజీల్లో ద్రాక్ష గురించి, ఈస్ట్ గురించి, పీపాల గురించి చెబుతారు. దిగుమతి సుంకం గురించి ఎవరూ చెప్పరు. నన్నడిగితే నా ఉద్యోగంలో ద్రాక్ష పాత్ర ఎంతో సుంకం పాత్రా అంతే.

గోడ అంటే ఏమిటి

విదేశీ వైన్ సీసా మన రేవులో వంద రూపాయలకు దిగిందనుకోండి. నేను పనిచేసిన కాలమంతా దాని మీద సుంకం నూటయాభై. అంటే రేవు గేటు దాటేసరికే దాని ధర రెండు వందల యాభై. ఆపైన రాష్ట్రం పన్ను, దిగుమతి చేసుకున్నవాడి లాభం, దుకాణం లాభం, హోటలైతే ఏసీకీ తెల్ల గుడ్డకూ కలిపి ఇంకో బాదుడు. వాళ్ల దేశంలో స్కూలు మాస్టారు అన్నంలోకి తాగే వైన్‌ను ముంబయిలో బ్యాంకు మేనేజరు కూడా పెళ్లిరోజుకు గానీ కొనలేకపోయేవాడు.

దాని పక్క అరలో మా సీసా ఉండేది. దాని ధర ఎలా పెట్టేవాళ్లమని అడుగుతారేమో. పండ్ల ఖరీదు, కూలి, సీసా, బిరడా అన్నీ లెక్కేసి దాని మీద లాభం కలిపేవాళ్లమని పుస్తకాల్లో ఉంటుంది. మేం అలా చేయలేదు. విదేశీ సీసా ధర చూసి, దానికి సగం పెట్టేవాళ్లం. తయారీకి ఎంతయిందన్నది మా ఇంటి విషయం. గోడ ఎత్తును బట్టి మా ధర ఉండేది. కొనేవాడికి ఇంకో దారి లేదు కనుక కొనేవాడు.

దేశీయ పరిశ్రమను బతికించాలంటే సుంకం ఉండాలి అని మా వాళ్లు సభల్లో మాట్లాడుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. గోడే లేకపోతే మా వైనరీ మొదటి ఏడాదే మూతపడేది. అయితే గోడ చాటున మేం ఏం చేశాం అన్నది వేరే ప్రశ్న.

శేఠ్, ఆయన శాంపిల్

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో మగ్గాల మీద పనిచేశాడు. నేను కెమిస్ట్రీ చదివి కడోదరాలో ఒక అద్దకం మిల్లులో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. అక్కడ నా పని షేడ్ కలపడం. గిరాకీ ఒక గుడ్డముక్క తెస్తాడు, ఈ రంగే కావాలంటాడు. చుక్క పసుపు, అరచుక్క నీలం వేసుకుంటూ, లైటు కింద పెట్టి చూసుకుంటూ, ఆ ముక్కకూ మన ముక్కకూ తేడా తెలియనంత వరకు కలపాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఒకటి చెప్పకుండా ఉండలేను, నాకు చాలా గర్వంగా కూడా ఉండేది.

మిల్లు యజమాని చంపక్ శేఠ్. రింగ్ రోడ్ మార్కెట్లో చీరల దుకాణంతో మొదలైన మనిషి. మగ్గాల మీది మనవాళ్లతో నలభై ఏళ్లు మాట్లాడి తెలుగు నేర్చాడు. అందులో వ్యాకరణం ఉండదు కానీ బేరానికి ఏ లోటూ రాదు. మూతబడ్డ వైనరీ ఒకటి చవకగా వస్తోందని కొనేసి, మర్నాడు నన్ను పిలిచాడు.

"నర్సూభాయ్, నువ్వు గాడికి పో. ఏమున్నది అండ్ల? రంగు నీళ్లు కలుపుడే కదా!"

చంపక్ శేఠ్ జీవితంలో చుక్క ముట్టిన మనిషి కాదు. ఉల్లిపాయ కూడా తినడు. అలాంటివాడు వైన్ బాగుందో లేదో ఎలా తేలుస్తాడని మీకు అనుమానం రావచ్చు. తాగేవాళ్ల ముఖాలు చూసి తేల్చేవాడు. చీర విప్పి పరిచినప్పుడు గిరాకీ నోటితో "బాగాలేదు" అంటుంది కానీ చెయ్యి మాత్రం అంచు మీదే ఉంటుందని, అది చూడటమే వ్యాపారమని ఆయన నమ్మకం. రుచి చూసేవాళ్ల ఎదురుగా మజ్జిగ గ్లాసుతో కూర్చుని, మా కనుబొమలనూ గొంతుల్నీ గమనించేవాడు. ఆయన అంచనా తప్పిపోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

ఆయన మొదటి రోజునే ఒక విదేశీ సీసా బల్ల మీద పెట్టి "సేమ్ టు సేమ్" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. సూరత్‌లో వ్యాపారమంటే అదే కదా. నడుస్తున్న డిజైన్ పట్టుకురా, అలాంటిదే దించు, సగం ధరకు అమ్ము. నాకూ అలవాటైన పనే. ఆ సీసాకు మాస్టర్ అని పేరు పెట్టాం. మా ఎర్ర వైన్‌ను దాని పక్కన గాజు గొట్టాల్లో పెట్టి, రంగు చూసి, పులుపు చూసి, వగరు చూసి కలిపేవాణ్ణి. వైన్ చేసేవాళ్లెవరూ ఆ మాట వాడరు గానీ మేం మాత్రం దాన్ని షేడ్ అనేవాళ్లం.

అయితే ఒక చిక్కుంది. మాస్టర్ చలిదేశం సరుకు. తేలికగా, పుల్లగా ఉంటుంది. మా దగ్గర ఎండ మండిపోతుంది. పండు పండేకొద్దీ తీపి పెరిగి, పులుపు జారిపోతుంది. మాస్టర్ పులుపుతో సరిపోవాలంటే ఒకటే దారి, పూర్తిగా పండకముందే కోసేయాలి. కోసేవాళ్లం. దాంతో వైన్‌లో ఆకు పసరు వాసన వచ్చేది. అది కప్పడానికి ఓక్ చెక్క ముక్కలు నానబెట్టేవాళ్లం. మన ఎండలో పండిన పండును చలిదేశపు సీసాకు సరిపోయేలా కత్తిరించడానికి నా తెలివంతా పెట్టాను. పాతికేళ్లు అలాగే చేశాం, అమ్ముడుపోయింది కూడా.

లచ్చన్న ఇల్లరికం

మాకు పండ్లు ఇచ్చే రైతుల్లో లచ్చన్న ఒకడు. మా నాన్నతో పాటు లింబాయత్‌లో మగ్గం నేసినవాళ్ల కొడుకే. మా మిల్లులో సూపర్‌వైజర్‌గా ఉంటూ, నాసిక్ వైపు నుంచి బంధువుల ఇంటికి వచ్చిన సుమన్ అనే మరాఠీ అమ్మాయిని చూసి, ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. అన్నదమ్ములు లేని పిల్ల కావడంతో వాళ్ల ఐదెకరాల మీదికి ఇల్లరికం వెళ్లిపోయాడు. సుమన్ అతని దగ్గర తెలుగు నేర్చుకుంది. అచ్చం లచ్చన్న తెలుగే. నన్ను మాత్రం మరాఠీ పద్ధతిలో "భావుజీ" అని పిలిచేది. నేను వదినా అనేవాణ్ణి.

మా మాస్టర్‌కు సరిపోయే షిరాజ్ ద్రాక్ష పెట్టమని వాళ్లకు చెప్పింది మా కంపెనీయే. ఐదెకరాలూ అదే పెట్టారు. ఇక్కడో సంగతి చెప్పాలి. అది తినే ద్రాక్ష కాదు. పండు చిన్నది, తోలు మందం, బజార్లో ఎవడూ కొనడు. మేం కొంటే ఉంది, లేకపోతే లేదు. వైనరీతో ఒప్పందమంటే రైతుకు ఏమిటో కుర్రవాళ్లు తెలుసుకోవాల్సింది ఇక్కడే.

ముందే కోసేయడం సుమన్ వదినకు ఇష్టంగానే ఉండేది. పండు బిగువుగా ఉంటే బరువు తూగుతుంది, అకాల వర్షం భయం ఉండదు. "జల్ది కోసుకపోండ్రి, జల్ది పైసలియ్యుండ్రి" అనేది. కిలో రేటు మాత్రం ఏళ్ల తరబడి అక్కడక్కడే తచ్చాడుతుండేది. లచ్చన్న అడిగితే శేఠ్, "లచ్చన్నా, జర ఆగు, మార్కెట్ మంచిగ లేదు" అనేవాడు. మార్కెట్ ఎప్పుడు బాగుందో నేనైతే చూడలేదు.

గోడ తగ్గింది

నేను రిటైరవడానికి మూడేళ్లున్నాయనగా ఒక దేశంతో ఒప్పందం కుదిరి, కాస్త ఖరీదైన సీసాల మీద సుంకం తగ్గింది. ఇంకా కొన్ని దేశాలతో మాటలు నడుస్తున్నాయన్నారు. మా మాస్టర్ ఆ దేశం సీసానే కావడం మా అదృష్టం!

ముంబయిలో ఒక పెద్ద హోటల్ కొనుగోళ్ల మేనేజరు మాకు పాత గిరాకీ. నన్ను కూర్చోబెట్టి, అసలు సీసా తెరిచి, గ్లాసులో పోసి, కొత్త ధర చెప్పాడు. మా సీసా కన్నా కొంచెమే ఎక్కువ. "ఒరిజినల్ ఈ ధరకు వస్తుంటే మీది ఎందుకు పెట్టాలో మీరే చెప్పండి" అన్నాడు. గ్లాసు అందుకున్నాను. ఆ పూట ఉమ్మకుండా తాగాను, చాలా బాగుంది. అలాంటిది మామూలు మనిషికి అందుబాటులోకి వస్తే సంతోషించాలి కదా అనిపించింది. తిరుగు రైల్లో గుర్తొచ్చింది, నా జీతం ఎక్కడి నుంచి వస్తోందో.

రింగ్ రోడ్‌లోని ఆఫీసులో శేఠ్ అప్పటికే లెక్క తేల్చేసి కూర్చున్నాడు. ఆ దేశంలో కాస్త నాసిరకం వైన్ పెద్ద పెద్ద సంచుల్లో, ట్యాంకరు లెక్కన దొరుకుతుంది. సుంకం ధరను బట్టి కదా. సరుకు ఖరీదే తక్కువైతే పూర్తి సుంకం కట్టినా మనకు పండ్లు కొని చేసినదాని కన్నా తక్కువకే పడుతుంది. ఎత్తు గోడ ఖరీదైనవాణ్ణి ఆపుతుంది గానీ చవకవాడు దాని మీది నుంచి సులువుగా దూకేస్తాడని నాకు అప్పుడే తెలిసింది.

"సంచి తెద్దాం. సీసాల పోద్దాం. మన లేబుల్. ఖతం" అన్నాడు శేఠ్.

"మరి రైతులు?"

"వచ్చే సీజన్ నుంచి వద్దని చెప్పు."

చెడ్డవాడు కాదు ఆయన. అద్దకం వేయని గ్రే గుడ్డ సూరత్‌లో నేయించినా భివండీ నుంచి తెచ్చినా చీర చీరే అనుకునే వ్యాపారి. కానీ ఆ కబురు మోసుకుపోవాల్సినవాణ్ణి నేను. నాకు భయమేసింది.

మిగతా రైతులు ఆ వానాకాలంలోనే తోటలు పీకేశారు. లచ్చన్న మాత్రం "గట్లెట్ల పీకుత తమ్మీ, పిల్లల లెక్క పెంచిన" అని కూర్చున్నాడు. సుమన్ అలా కూర్చునే రకం కాదు. సగం తోటను మొదళ్లకు కోయించి, తినే ద్రాక్ష అంటు కట్టించింది. దాని మీద ఏడాదిన్నర దాకా పంట రాదు. కోస్తుంటే చూడలేక లచ్చన్న నాసిక్ పోయి సినిమా చూసొచ్చాడు. ఏం సినిమా అని అడిగితే పేరు చెప్పలేకపోయాడు. మిగిలిన సగం మీద ఆ ఏడాది ఇల్లు నడవాలి. దాన్ని కొనేవాడు లేడు.

మబ్బు పట్టిన వారం

నేను శేఠ్ దగ్గరికి వెళ్లి ఒకటే అడిగాను. "ఒక్క సీజన్, ఒక్క ట్యాంకు. మాస్టర్‌తో పోల్చను. ఆ పండు పూర్తిగా పండితే ఏమవుతుందో చూస్తాను." పాతికేళ్లలో నేను అడగడమూ అదే మొదలు, అలా పండనివ్వడమూ అదే మొదలు. శేఠ్ చాలాసేపు నా ముఖం చూశాడు. "రేటు పాతదే" అన్నాడు. సరే అన్నాను.

చిక్కల్లా సుమన్ వదిన దగ్గర వచ్చింది. పండును తీగ మీద వదిలేస్తే వాడిపోయి బరువు తగ్గుతుంది. కిలో లెక్కన డబ్బు తీసుకునేవాళ్లకు అది నష్టం. పక్షులు, చీమలు, అన్నిటికీ మించి అకాల వర్షం. ఒక్క గట్టి వాన పడితే పండ్లు పగిలి, బూజు పట్టి మొత్తం పోతుంది. మామూలుగా కోసే రోజు దాటిపోయింది. అప్పుడే మబ్బులు పట్టాయి.

లచ్చన్న ఫోన్ చేస్తే వెళ్లాను. కూలీలు గట్టు మీద కూర్చుని ఉన్నారు. సుమన్ వదిన కత్తెర చేతిలో పట్టుకుని నిలబడింది.

"భావుజీ, ఇయ్యాల కోయిస్త. రేపు వీళ్లు వేరే తోటకు పోతరు."

నేను ఒక పండు కొరికి విత్తనం చూశాను. ఇంకా పచ్చగానే ఉంది. "ఇంకొన్ని రోజులు ఆగాలి వదినా."

"నీకేంది, నువ్వు జీతం తోటి ఆగుతవు. మేము మబ్బు చూస్కుంట ఆగాలె."

"ఆగుదమే, తమ్ముడు చెప్తుండు గద" అన్నాడు లచ్చన్న.

"నువ్వు జర చుప్ ఉండు. నువ్వు సిన్మాకు పోయేటోనివి." మళ్లీ నా వైపు తిరిగింది. "ఖరాబైతే ఏమిస్తవ్? సక్కగ చెప్పు."

"ఏమీ ఇవ్వలేను. శేఠ్ ఇవ్వడు. నా దగ్గర అంత లేదు."

ఆమె పెద్దగా నవ్వింది. "అరే దేవా! ఇన్నేండ్ల సంది వస్తున్నవ్, కంపెనీ మనిషి నోట్లకెళ్లి గిదొక్కటి నిజమొచ్చింది" అంది. కూలీలకు చాయ్ పోసి పంపేసింది. నిజం చెప్పినందుకు ఒప్పుకుందా, ఇప్పుడు కోసినా కొనేవాడు లేడు కనుక ఒప్పుకుందా, నాకు తెలియదు. రెండోదే అయ్యుంటుంది.

ఆ వారం నేను సూరత్ వెళ్లలేదు. ఇంటికి ఫోన్ చేస్తే సరోజ "మబ్బు చూసేటందుకు గూడ కొలువేనా?" అంది. రెండు రోజుల తర్వాత వాన వచ్చింది, కానీ తోట చివరి వరసలు తడిపి పక్కకు వెళ్లిపోయింది. ఆ వరసల్లో బూజు పట్టిన గుత్తులను ముగ్గురం కూర్చుని ఏరాం. లచ్చన్న ఒక్కో గుత్తి పారేస్తూ ఏదో గొణుక్కున్నాడు. మిగతాది నిలబడింది. విత్తనాలు గోధుమ రంగుకు తిరిగాక కోశాం. తూకం వేస్తే తక్కువే వచ్చింది. సుమన్ వదిన తూకం ముల్లు వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మజ్జిగ గ్లాసు పక్కన

ఆ ట్యాంకు వైన్ ఏడాది పైన పీపాల్లో ఉంది. ఓక్ ముక్కలు వేయలేదు. దించి చూస్తే నల్లగా, బరువుగా, మిరియం ఘాటుతో ఉంది. దాన్ని దేనితో పోల్చి మార్కులు వేయాలో నాకు అర్థం కాలేదు. పక్కన మాస్టర్ లేకుండా రుచి చూడటం నా జీవితంలో అదే మొదటిసారి.

శేఠ్ పరీక్ష పెట్టాడు. వైనరీకి శని, ఆదివారాల్లో సందర్శకులు వస్తారు, సగం మంది మన సూరత్ వాళ్లే. లేబుల్ లేకుండా మూడు గ్లాసులు పోయించాడు. ఒకటి అసలు విదేశీది, రెండోది పాతికేళ్లుగా మేం చేస్తున్న నకలు, మూడోది లచ్చన్న తోటది. తను మూలన మజ్జిగ పెట్టుకుని కూర్చున్నాడు. నేను బల్ల దగ్గర నిలబడి పోస్తున్నాను.

మూడో గుంపులో జయేశ్‌భాయ్ వచ్చాడు. మా సొసైటీ సెక్రటరీ! ఇద్దరం ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయాం.

"నర్సూభాయ్... మీరిక్కడ?"

"కిస్‌మిస్ చూసుకుందామని వచ్చాను."

"నేను కూడా... గాలి మార్పు కోసం."

మూడు గ్లాసులూ అతని ముందు పెట్టాను. జేబులోంచి ఫర్సాణ్ పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. మొదటి దానికి తల పంకించి, మర్యాదగా కింద పెట్టాడు. రెండోది ఒక గుక్క తాగి, పక్కకు జరిపాడు. మూడోది తాగి కారప్పూస నోట్లో వేసుకుని, మళ్లీ తాగి, గ్లాసు నా వైపు తోశాడు.

"మొదటిది బాగుంది. అయితే పెద్దమనిషి ఇంటికి వెళ్లి సోఫా అంచున కూర్చున్నట్టుంది. ఇది మన ఇంట్లో కాళ్లు చాపుకున్నట్టుంది. ఇంకొంచెం పొయ్యండి."

అందరూ మూడో దానికే ఓటు వేశారని నేను రాయను. అలా జరగలేదు. అసలు దాన్ని ఇష్టపడినవాళ్లే ఎక్కువ. మూడోది మరీ ఘాటన్నవాళ్లూ ఉన్నారు. కానీ రెండో గ్లాసును రోజంతా ఒక్కరు కూడా మళ్లీ పోయమనలేదు. అది నా చేతి పని. నాకెంతో పేరు తెచ్చిన పని. చాలా బాధపడ్డాను. గోడ ఉన్నన్నాళ్లూ జనం దాన్ని ఇష్టపడి తాగలేదు, గత్యంతరం లేక తాగారు.

సాయంత్రం శేఠ్ లేచి వచ్చాడు. "నకలు బంద్" అన్నాడు. "మొదటిది ఎవడైనా తెస్తడు. నేను తెస్త, పక్కోడు తెస్తడు. మూడోది ఇంకెవరి దగ్గర ఉన్నది?"

"ఎవరి దగ్గరా లేదు. అందరూ తోటలు పీకేశారు. లచ్చన్న దగ్గర సగం ఉంది, అంతే."

శేఠ్ మజ్జిగ తాగడం మర్చిపోయాడు.

కుర్రవాళ్లకు ఇక్కడ ఒక మాట చెబుతాను. మీరు వచ్చే రోజుల్లో సుంకాలు ఇంకా తగ్గుతాయి, పెరిగినా పెరగవచ్చు. అది మీ చేతుల్లో లేదు. తాగేవాడికి తగ్గడమే మేలు, అందులో నాకు అనుమానం లేదు. చేసేవాడికి మేలా కీడా అన్నది వాడు ఏం చేస్తున్నాడన్న దాని మీద ఉంటుంది. పక్కవాడి సరుకులాంటిది చేస్తుంటే, ఆ పక్కవాడే గుమ్మంలోకి వచ్చిన రోజు మీ పని అయిపోతుంది. నేను పాతికేళ్లు చేసింది ఆ పనే కాబట్టి గట్టిగా చెప్పగలను.

తోటలో బేరం

కోతకు ముందు శేఠ్ స్వయంగా తోటకు వచ్చాడు. నేను రిటైరయి అప్పటికి కొన్ని నెలలైంది. అయినా "నువ్వు గూడ ఉండు" అని కారు ఎక్కించుకున్నాడు. వరండాలో మంచాల మీద కూర్చున్నాం. నేను ఒక సీసా తీసుకెళ్లాను. సొంత తోట పండ్లతో చేసిన వైన్‌ను సుమన్ వదిన అంతవరకు రుచి చూడలేదు. స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"చేదున్నది. గిది ఎంతకమ్ముతున్నరు?"

శేఠ్ నాకు కళ్లతో సైగ చేశాడు. నేను చూడనట్టు ధర చెప్పాను. పన్నెండు వందలు.

"ఒక్క సీసకు ఎన్ని పండ్లు?"

"కిలో. కొంచెం పైన."

సుమన్ వదిన గ్లాసు కింద పెట్టింది. "మాకు కిలోకు నూరు రూపాయలు" అంది. అప్పటిదాకా ఇస్తున్నదానికి అది రెట్టింపు.

శేఠ్ రెండు చేతులూ ఎత్తాడు. ఇంక అక్కడి నుంచి బేరమంతా తెలుగులోనే నడిచింది. గుజరాతీ శేఠ్, మరాఠీ రైతమ్మ కలిసి కరీంనగర్ తెలుగులో బేరమాడుతుంటే అసలు తెలుగువాళ్లం లచ్చన్న, నేను చూస్తూ కూర్చున్నాం.

"బెహెన్, జర సోచాయించు. గట్లెట్ల ఇస్త? సుంకం తగ్గింది గద. బయిటి మాల్ సస్తా వస్తున్నది. నా ధంధా ఎట్ల నడవాలె?"

"సుంకం బాగున్నప్పుడు మాకు రూపాయి పెంచినవా శేఠ్?"

శేఠ్ చేతులు దించాడు.

"లేదు గద. మరి తగ్గిందని మాకెందుకు చెప్తున్నవ్?"

ఆయన నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు కంపెనీ తరఫున అందుకోవాల్సింది నేనే. మార్కెట్ బాగాలేదని, రవాణా ఖర్చులని, ఎన్నోసార్లు ఎంతోమంది రైతులకు చెప్పినవాణ్ణి. అవన్నీ నోటికొచ్చు. ఆ రోజు ఒక్కటి కూడా అనలేదు.

కాసేపటికి శేఠ్ గొంతు తగ్గించి, "ఆ కోసిన సగం మళ్ల షిరాజ్ కట్టనీకొస్తదా?" అని అడిగాడు.

"వస్తది. ముందు ఈ సగానికి రేటు రాయి."

"చాయ్ తాగి రాస్త."

"రాసినంక పెడ్త" అంది సుమన్ వదిన. పొయ్యి వైపు కూడా చూడలేదు.

శేఠ్ పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. నా పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను.